రోజూ జేబులో ఉంచుకోవడానికి చిన్న చాకు లేదా మల్టీటూల్ ఎంచుకోవడం ఎలా?

"ఈ రెండు మోడళ్ళలో ఏది కొనమంటారు?" అని అడిగే పాఠకులకు నేను ముందుగా వేసే ఎదురు ప్రశ్న ఒకటే: మీరు రోజూ ఏయే తనిఖీ గేట్లు దాటుతారు? ఉక్కు రకాల గురించి, తెరిచిన బ్లేడు మడుచుకోకుండా ఆపే లాకుల గురించి రాత్రుళ్ళు వీడియోలు చూసి కొన్న చాకును మెట్రో స్టేషన్ స్కానర్ దగ్గర ఆపేస్తే, మర్నాటి నుంచి అది ఇంట్లో సొరుగులోనే ఉండిపోతుంది. అందుకే ఎంపిక ఉక్కు దగ్గర కాకుండా గేటు దగ్గర మొదలవ్వాలి. తరువాత పని, ఆ తరువాత సైజు, చివరికి ఉక్కు, ధర. ఈ వరుసను తలకిందులు చేయడం వల్లనే కొన్నవారిలో చాలామంది అసంతృప్తి పడుతున్నారు.

మడిచినప్పుడు 10 సెం.మీ. లోపు ఉండే మడత చాకులకు, అదే సైజు మల్టీటూళ్ళకు, అంటే పట్టకారు, స్క్రూడ్రైవర్ వంటివి ఒకేదానిలో మడిచిపెట్టిన పరికరాలకు, ఈ సూచనలు వర్తిస్తాయి. ఆత్మరక్షణ కోసం చాకు వెతుకుతున్నవారికి ఇందులో ఏమీ దొరకదు. చిన్న మడత చాకు ఆ పనికి రాదు. పైగా "ఆత్మరక్షణ కోసం దగ్గర పెట్టుకున్నాను" అన్న మాట చాలా దేశాల్లో మిమ్మల్ని కాపాడకపోగా, ఆ చాకును ఆయుధంగా ఉంచుకున్నట్టు మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

కావలసినవి

ఒక కాగితం, పెన్ను, సెంటీమీటర్ల స్కేలు ఉంటే ఎంపిక పని మొదలుపెట్టవచ్చు. కొన్న తరువాత పరీక్షించడానికి పాత దినపత్రిక, ఖాళీ కొరియర్ డబ్బా, పండిన టమాటా ఒకటి, ఒక చెక్క ముక్క, పాత తువ్వాలు దగ్గర పెట్టుకోండి. నిర్వహణకు కుట్టుమిషను నూనె చిన్న సీసా, ఒక సానరాయి చాలు.

1. మీ రోజువారీ దారిని కాగితం మీద రాయండి

ఇంటి నుంచి బయలుదేరి తిరిగి చేరేవరకు మీ జేబులనో సంచినో ఎక్కడెక్కడ తనిఖీ చేస్తారో రాయండి: మెట్రో స్టేషన్, ఐటీ కంపెనీ ద్వారం, షాపింగ్ మాల్, సినిమా హాలు, కోర్టు, సచివాలయం, పరీక్షా కేంద్రం, గుడి. అప్పుడప్పుడు వెళ్ళే చోట్లనూ చేర్చండి. తిరుమలకు కారులో తరచుగా వెళ్ళేవారైతే అలిపిరి తనిఖీని మరిచిపోవద్దు.

ఈ జాబితాను బట్టి మూడు దారులు ఉన్నాయి. రోజూ స్కానర్ దాటేవారు బ్లేడు లేని పరికరాన్ని, అంటే కత్తెర, స్క్రూడ్రైవర్, పట్టకారు మాత్రమే ఉన్నదాన్ని ఎంచుకోవడం, లేదా చాకును ఆఫీసు సొరుగులోనో స్కూటరు డిక్కీలోనో శాశ్వతంగా ఉంచేయడం మేలు. సొంత వాహనంలో పొలానికో దుకాణానికో వర్క్‌షాపుకో వెళ్ళివచ్చేవారికి ఈ ఇబ్బంది లేదు. మధ్యలో ఉన్నవారు, అంటే వారానికి ఒకటి రెండు సార్లు మాత్రమే గేటు దాటేవారు, తాళాల గుత్తికి తగిలించి, కావాలన్నప్పుడు గుత్తి నుంచి సులువుగా విడదీయగల చిన్నదాన్ని తీసుకుంటే, ఆ రోజుకు దాన్ని ఇంట్లో వదిలి వెళ్ళవచ్చు.

విమానం సంగతి వేరు. మన దేశంలో క్యాబిన్ సామానులో ఎంత చిన్న చాకునైనా అనుమతించరు. పెట్టెలో, అంటే చెక్-ఇన్ సామానులో, గుడ్డలో గట్టిగా చుట్టి పెట్టవచ్చు. తనిఖీ చేసేవారి చేయి తెగకుండా అలా చుట్టడం అవసరం. ఇక్కడ జరిగే పొరపాటు అందరిదీ ఒకటే: తాళాల గుత్తికున్న చిన్న చాకు ఒకటి ఉందన్న సంగతే గుర్తుండదు. అది తనిఖీ వరుసలో బయటపడేసరికి పెట్టె అప్పటికే బెల్టు మీద వెళ్ళిపోయి ఉంటుంది, చాకును అక్కడే వదిలేయక తప్పదు. ప్రయాణానికి ముందురోజు రాత్రే గుత్తి నుంచి విప్పి పెట్టెలో వేయండి. అమెరికాలో బ్లేడు లేని, 7 అంగుళాల లోపు పరికరాలను క్యాబిన్‌లోకి అనుమతిస్తారు కదా అని హైదరాబాదు విమానాశ్రయంలో వాదించవద్దు. ఏ దేశంలో తనిఖీ జరిగితే ఆ దేశపు నియమమే చెల్లుతుంది. ఒకవేళ అనుమతి ఉన్నా, చివరి నిర్ణయం గేటు దగ్గర నిలబడ్డ అధికారిదే.

2. చట్టం ఏమంటుందో తెలుసుకోండి

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 ఆయుధ నియమాలు, 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న బ్లేళ్ళను పదునైన ఆయుధాల జాబితాలో చేర్చాయి; ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు తయారైనవాటిని మినహాయించాయి. జేబులో పట్టే చాకు బ్లేడు 4 అంగుళాలు దాటడమే అరుదు కాబట్టి, ఈ కొలత దగ్గర మీకు చిక్కు రాదు. చిక్కు వేరేచోట ఉంది. ఎన్నికలప్పుడు, ఊరేగింపులప్పుడు, ఉద్రిక్తతలున్నప్పుడు పాత 144వ సెక్షన్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద నిషేధాజ్ఞలు ఇస్తారు. వాటిలో పదునైన వస్తువులు పట్టుకు తిరగకూడదన్న మాట ఉండవచ్చు. అటువంటి రోజుల్లో చాకును ఇంట్లో పెట్టి వెళ్ళడమే తెలివైన పని.

రెండో హెచ్చరిక బటన్ చాకుల గురించి. బటన్ నొక్కగానే స్ప్రింగుతో తెరుచుకునే చాకును చూసిన పోలీసు, అది పండు కోసుకోవడానికి అంటే నమ్మడు. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ప్రకారం బ్లేడు 7.62 సెం.మీ., వెడల్పు 1.72 సెం.మీ. లేదా అంతకు మించిన బటన్ చాకులను దగ్గర ఉంచుకోవడం మీద కేసులు నమోదవుతూనే ఉంటాయి. మన రాష్ట్రాల్లో ఉన్నా సరే, ఆ రకాన్ని కొనవద్దనే నా సలహా.

విదేశాలకు చదువుకో ఉద్యోగానికో వెళ్ళేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. బ్రిటన్‌లో సరైన కారణం చూపకుండా బహిరంగంగా దగ్గర ఉంచుకోదగినది, బ్లేడు అంచు 3 అంగుళాలకు మించని, లాకు లేని మడత చాకు మాత్రమే. లాకు ఉంటే బ్లేడు ఎంత చిన్నదైనా ఆ మినహాయింపు వర్తించదు. జర్మనీలో ఒక్క చేత్తో తెరుచుకుని లాకు పడే చాకును తగిన కారణం లేకుండా వెంట తీసుకువెళ్ళకూడదు. అమెరికాలో రాష్ట్రానికొక నియమం, నగరానికొక నియమం. న్యూయార్కు నగరంలో 4 అంగుళాలు, అంతకు మించిన బ్లేడు బహిరంగంగా ఉండరాదు. విశ్వవిద్యాలయాల ప్రాంగణాలకు తమ సొంత నిషేధాలు ఉంటాయి. ఇక్కడ మంచి చాకు అక్కడ నేరమయ్యే అవకాశం ఉంది కాబట్టి, చేరాక అక్కడి నియమం చదివి అక్కడే కొనుక్కోండి. ఈ కట్టుబాట్లు ఎంత బిగుస్తున్నాయంటే, స్విస్ చాకులకు పెట్టింది పేరైన విక్టోరినాక్స్ సంస్థే బ్లేడు లేని పరికరాన్ని రూపొందిస్తున్నట్టు 2024లో ప్రకటించింది.

3. ఒక వారం పాటు పనుల పట్టీ రాయండి

చేతిలో చాకు ఉంటే బాగుండును అనిపించిన ప్రతిసారీ ఫోనులో ఒక ముక్క రాసుకోండి. వారం తరువాత చూస్తే, చాలామంది పట్టీ ఇంచుమించు ఒకేలా ఉంటుంది: కొరియర్ డబ్బా మీది టేపు, పాల ప్యాకెట్టు, కొత్త చొక్కా లేబులు, వదులైన దారం, ఊడిన స్క్రూ, జామకాయ, వేలిలో గుచ్చుకున్న ముల్లు. వీటిలో 6 సెం.మీ. కన్నా పొడవైన బ్లేడు కావలసిన పని ఒక్కటీ లేదు. సగం పనులకు అసలు చాకు కన్నా కత్తెరే నయం. ప్లాస్టిక్ పొట్లాన్ని చాకుతో కోస్తే జారి వేలి మీదికి వస్తుంది. కత్తెరకు ఆ భయం లేదు.

పట్టీలో ఒకే పని పదేపదే కనబడి, అది కేవలం డబ్బాలు కోయడమే అయితే, మీకు జేబు చాకు అక్కర్లేదు. స్టేషనరీ దుకాణంలో దొరికే, అరిగిన కొస విరిచేసుకునే పేపర్ కట్టరు చాలు. అలాగే రోజూ కరెంటు పని చేసేవారికి మల్టీటూల్ బదులు మంచి కటింగ్ ప్లేయరు, టెస్టరు ఉండాలి. ఎందుకో కింద చెబుతాను.

4. చాకా, మల్టీటూలా? తేల్చుకోండి

మీ పట్టీలో కోయడం, కత్తిరించడం ఎక్కువగా ఉంటే స్విస్ పద్ధతి మడత చాకు తీసుకోండి. పట్టుకోవడం, తిప్పడం, వంచడం ఎక్కువగా ఉంటే పట్టకారు ఉన్న మల్టీటూల్ తీసుకోండి. ఈ రెండో రకం పుట్టుకే ఈ తేడాను చెబుతుంది: 1975లో పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతున్న టిమ్ లెదర్‌మన్ అనే అమెరికన్‌కు, కారు మొరాయించినప్పుడల్లా, జేబులోని చాకుకు పట్టకారు కూడా ఉంటే బాగుండుననిపించింది, ఆ ఆలోచన 1983లో అమ్మకానికి వచ్చింది. మీకు అటువంటి కారు లేకపోతే, లేదా పాత మోటారుసైకిలో మోటారు పంపుసెట్టో లేకపోతే, పట్టకారు బరువును రోజూ మోయవలసిన పని లేదు.

మొదటిసారి కొనేవారికి నేను సూచించే అమరిక ఇది: ఒక చిన్న బ్లేడు, కత్తెర, ఒక స్క్రూడ్రైవర్ కొస, వీలైతే చిమ్టా. విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్‌డీ సరిగ్గా ఇదే. మడిచినప్పుడు 58 మి.మీ. పొడవు, సుమారు 21 గ్రాముల బరువు. స్టార్ స్క్రూడ్రైవర్ కూడా కావాలంటే అదే సైజులో ర్యాంబ్లర్ ఉంది. చేతినిండా పట్టు కావాలనుకునేవారికి 84 మి.మీ., 91 మి.మీ. రకాలు ఉన్నాయి. పండ్లు, కూరలు కోయడమే ముఖ్యమైతే, ఫ్రాన్స్‌కు చెందిన ఓపినెల్ చాకు పలుచని బ్లేడుతో వీటన్నిటికన్నా హాయిగా కోస్తుంది; అయితే దాని చెక్క పిడి వానాకాలంలో ఉబ్బి, బ్లేడు బయటికి రావడానికి మొండికేస్తుందని ముందే తెలుసుకోండి.

"15 ఫంక్షన్లు", "18 ఫంక్షన్లు" అన్న అంకెలు చూసి మోసపోవద్దు. పైన చెప్పిన క్లాసిక్‌కు 7 ఫంక్షన్లని రాస్తారు. తాళాలు తగిలించే రింగు కూడా వాటిలో ఒకటి. అంకెను వదిలేసి, మీ పనుల పట్టీలో ఎన్నిటికి ఆ పరికరంలో జవాబు ఉందో టిక్కు పెట్టుకుంటూ వెళ్ళండి. టిక్కు పడని భాగాలన్నీ మీరు మోసే బరువే.

స్క్రూడ్రైవర్ల గురించి ఒక మాట. స్విచ్ బోర్డులకు, తలుపు గొళ్ళేలకు, మిక్సీ అడుగున వాడే స్టార్ స్క్రూలలో ఎక్కువ భాగానికి పీహెచ్2 అనే సైజు సరిపోతుంది. కళ్ళద్దాలకు, లాప్‌టాప్‌కు ఇంతకన్నా ఎంతో చిన్నది కావాలి. రెండూ ఒకే పరికరంలో బాగా పనిచేయడం అరుదు. మీ పట్టీలో ఏది ఉందో చూసి దాన్నే ఎంచుకోండి.

హెచ్చరిక: మల్టీటూల్ పట్టకారు పిడులు ఉత్త లోహం, వాటికి కరెంటును ఆపే తొడుగు ఉండదు. 230 వోల్టుల ఇంటి లైనులో దానితో వైరు పట్టుకోవడం ప్రాణాంతకం. మెయిన్ ఆపేశాక కూడా ముందు టెస్టరుతో చూసి, తరువాతనే ముట్టుకోండి. రంగు ప్లాస్టిక్ అద్దినవాటికీ ఇదే వర్తిస్తుంది.

5. బరువును జేబులో పెట్టి తూచండి

లెదర్‌మన్ వేవ్ ప్లస్ సుమారు 241 గ్రాములు. అంటే చాలా ఫోన్ల కన్నా బరువు. అదే సంస్థ స్కెలిటూల్ సుమారు 142 గ్రాములు. దుకాణంలో చేతిలో పట్టుకున్నప్పుడు ఆ బరువు నాణ్యతలా అనిపిస్తుంది, పలుచని ప్యాంటు జేబులో వేసుకుని మెట్లెక్కినప్పుడు తొడకు కొట్టుకుంటూ ఉంటుంది. కొనే ముందు మీ వంటింటి తూకంలో అంతే బరువు నాణేలను చిన్న సంచిలో పోసి, ఒక పూట జేబులో పెట్టుకు తిరిగి చూడండి. నవ్వకండి, ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. జేబు లేని దుస్తులు వేసుకునేవారు హ్యాండ్‌బ్యాగులో వేసుకోవచ్చు గానీ, అడుగున పడిపోకుండా లోపలి చిన్న అరలో ఉంచండి.

తాళాల గుత్తికైతే 60 గ్రాములు దాటకుండా చూసుకోవడం మంచిది. పంచె, లుంగీ కట్టేవారికి, చొక్కా పై జేబులో పెట్టుకునేవారికి 58 మి.మీ. సైజే తగినది, వంగినప్పుడు జేబు నుంచి జారిపడకుండా ఒక తాడు ముక్క కట్టుకోండి.

6. లాకు కావాలో వద్దో నిర్ణయించండి

లాకు లేని చాకులో బ్లేడును వెన్ను స్ప్రింగు మాత్రమే ఆపుతుంది. పండ్లు, దారాలు, టేపులు కోయడానికి ఇది చాలు. కొసతో గుచ్చే పని, తోలుకో ప్లాస్టిక్‌కో రంధ్రం చేసే పని ఉంటే మాత్రం బ్లేడు వెనక్కి మడుచుకుని వేళ్ళ మీద పడే ప్రమాదం ఉంది. అప్పుడు లాకు ఉండాలి. లోపలి రేకు పక్కకు జరిగి బ్లేడును ఆపే లైనర్ లాకు, వెన్ను మీద నొక్కే బ్యాక్ లాకు, ఓపినెల్ మెడ దగ్గర తిప్పే రింగు, ఇవి తరచుగా కనబడేవి. ఎడమచేతివాటం వారు లైనర్ లాకును కొనే ముందు తప్పక మూసి చూడండి. అది సాధారణంగా కుడిచేతి బొటనవేలికి అమర్చి ఉంటుంది.

లాకు ఉన్నా లేకున్నా చాకు మీటపట్టె కాదు. పెయింటు డబ్బా మూత లేపడానికి, మేకు పీకడానికి వాడితే కొస విరుగుతుంది. మల్టీటూల్ కొనేవారికి ఇందుకే మైనస్ స్క్రూడ్రైవర్ ఉపయోగపడుతుంది.

7. ఉక్కు పేరు చూడండి, కానీ దానికి బానిస కావద్దు

పెట్టె మీద ఉక్కు పేరు అసలే లేకుండా "స్టెయిన్‌లెస్" అని మాత్రమే ఉంటే, పదును ఎక్కువ రోజులు నిలవదని అనుకోవచ్చు. 8Cr13MoV, 420HC, 12C27 వంటివి రోజువారీ పనికి చాలినవి, సులువుగా పదును ఎక్కేవి. స్విస్ చాకుల బ్లేళ్ళు ఉక్కు గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 56 దగ్గర ఉంటాయి. అంటే కొంత మెత్తన, కానీ ఇంట్లో నాలుగు రుద్దులతో మళ్ళీ పదునెక్కుతాయి. సాన పట్టడం రానివారు గట్టి ఉక్కు కోసం ఎక్కువ డబ్బు పెట్టడం అర్థం లేని పని. అది మొద్దుబారడానికి సమయం పట్టినట్టే, పదునెక్కడానికీ పడుతుంది.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్ళలో ఉండేవారు, చెమట ఎక్కువగా పట్టేవారు డీ2 అనే ఉక్కును, మామూలు కార్బన్ ఉక్కును తప్పించుకోండి. డీ2లో సుమారు 12 శాతం క్రోమియం ఉన్నా అది పూర్తి స్టెయిన్‌లెస్ కాదు. కార్బన్ ఉక్కుతో మామిడికాయ కోస్తే కాసేపటికే బ్లేడు నల్లబడుతుంది, ముక్కకు ఇనుప వాసన పడుతుంది. ఆ నలుపు హానికరం కాదు, కానీ తడితో వదిలేస్తే ఎర్రటి తుప్పు వస్తుంది.

8. అసలుదో నకిలీదో చూడండి

స్విస్ చాకుల నకిలీలు రోడ్డు పక్కన బండ్ల మీద, ఆన్‌లైన్‌లో విరివిగా దొరుకుతాయి. సికింద్రాబాదు రాణీగంజ్ వంటి హార్డ్‌వేరు బజారులో చేతితో చూసి కొనగలిగితే, ఈ కిందివి గమనించండి.

పెద్ద బ్లేడు మొదట్లో, పిడికి దగ్గరగా, సంస్థ పేరు, తయారైన దేశం స్పష్టంగా, లోతుగా చెక్కి ఉండాలి. ఎర్ర పిడి మీద శిలువ గుర్తు ఒక్కటే సాక్ష్యం కాదు. చాకును మూసి దీపానికి ఎదురుగా పట్టి చూస్తే, పొరల మధ్య వెలుగు కనబడకూడదు. ప్రతి భాగం తెరిచేటప్పుడు, మూసేటప్పుడు "టక్" మని ఒకేలా పలకాలి. ఒకటి బిగుతుగా, ఇంకొకటి వదులుగా ఉంటే వద్దు. కత్తెరను తెరిచి ఒంటి పొర టిష్యూ కాగితాన్ని కొస దాకా కత్తిరించండి. నకిలీ కత్తెర మధ్యలో కాగితాన్ని నమిలేస్తుంది. నకిలీలను పట్టుకోవడంలో నాకు అన్నిటికన్నా నమ్మకమైనది ఈ పరీక్షే.

ఆన్‌లైన్‌లో కొంటే అమ్మకందారు పేరు చూసి, సంస్థ అధికారిక దుకాణం నుంచో దాని పంపిణీదారు నుంచో తీసుకోండి. బిల్లును ఫోటో తీసి దాచండి. లెదర్‌మన్ తన పరికరాలకు 25 ఏళ్ళ హామీ ఇస్తుంది, కానీ నకిలీకి ఆ హామీ చెల్లదు.

9. ఇంటికి తెచ్చిన రోజే పరీక్షించండి

వాపసు గడువు దాటకముందే ఇవన్నీ చేయాలి. పిల్లలను దూరంగా ఉంచండి.

అ) బ్లేడును పూర్తిగా తెరిచి, కొసను కాకుండా వెన్నును వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కదపండి. పక్కలకు కదలిక అసలే ఉండకూడదు. లాకు లేని చాకులో పైకి కిందికి వెంట్రుకవాసి కదలిక ఉంటే పరవాలేదు.

ఆ) లాకు ఉంటే, చెక్క ముక్క మీద తువ్వాలు మడిచి పరిచి, బ్లేడు వెన్నును దాని మీద ఆనించి మెల్లగా నొక్కండి. మీ వేళ్ళు బ్లేడు మడుచుకునే దారిలో లేకుండా పిడిని పక్కల నుంచి పట్టుకోండి. లాకు జారితే ఆ చాకు వెనక్కి వెళ్ళవలసిందే. గోడకేసి కొట్టి చూడడం వంటి విన్యాసాలు చేయవద్దు; మంచి లాకు కూడా వాటికి పాడవుతుంది.

ఇ) దినపత్రిక కాగితాన్ని ఒక చేత్తో వేలాడదీసి, పై అంచు నుంచి కిందికి కోయండి. చిరగకుండా, ఆగకుండా దిగాలి. ప్రతిసారీ ఒకే చోట కాగితం పట్టుకుంటుంటే, బ్లేడు ఆ భాగంలో నొక్కు ఉన్నట్టు. దీపం కింద అంచును మీ వైపు తిప్పి చూస్తే, మొద్దుగా ఉన్నచోట సన్నని మెరుపు చుక్క కనబడుతుంది. పదునైన అంచు వెలుగును తిప్పికొట్టదు.

ఈ) టమాటా తోలు మీద బ్లేడు పెట్టి, నొక్కకుండా మీ వైపు లాగండి. తోలు సొట్ట పడకుండా తెగితే పదును సరిపోయినట్టే. బొటనవేలిని అంచు వెంట నడిపి పదును చూసే అలవాటు ఉంటే మానేయండి.

ఉ) కొరియర్ డబ్బా టేపును బ్లేడు కొసతో, 5 మి.మీ. కన్నా లోతు దిగకుండా కోయండి. ఇక్కడ తెలిసిపోతుంది, మీ చేతికి పట్టు కుదిరిందో లేదో. బ్లేడు పొడవైనకొద్దీ లోతును అదుపు చేయడం కష్టం. డబ్బాలో వచ్చిన చీరను కోసుకున్నవారిలో ఎక్కువమంది వంటింటి కత్తి వాడినవారే.

ఊ) స్క్రూడ్రైవర్‌ను గోడ స్విచ్ బోర్డు మూత స్క్రూ మీద, మెయిన్ ఆపి, ఆనించి చూడండి. గాడిలో నిండుగా కూర్చోవాలి. జారుతుంటే స్క్రూ తల అరిగిపోతుంది.

టేపు కోశాక బ్లేడు మీద మిగిలే జిగురును చాకుతో గీకి కాక, దూది మీద కొంచెం కొబ్బరినూనె వేసి తుడిచి, తరువాత సబ్బు నీటితో కడగండి. ఆ జిగురుతోనే మూసేస్తే కొన్నాళ్ళకు బ్లేడు తెరవడం కష్టమవుతుంది, తప్పు చాకుదని అనిపిస్తుంది.

10. పదునును నిలబెట్టుకోండి

మొద్దు చాకు పదును చాకు కన్నా ప్రమాదకరం. ఎక్కువ బలం పెట్టి నొక్కుతాం, అది జారుతుంది. సానరాయి మీద ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలులో రుద్దాలి. డిగ్రీలు కొలవడం ఎలా అన్న సందేహానికి సులువైన లెక్క: 12 మి.మీ. వెడల్పున్న బ్లేడును రాతి మీద పెట్టి, వెన్నును 3 నుంచి 4 మి.మీ. పైకి లేపితే ఆ వాలు వచ్చినట్టే. ఆ ఎత్తును మార్చకుండా, రాయిలోంచి పలుచని పొర కోస్తున్నట్టుగా, రెండు వైపులా సమానంగా రుద్దండి. అంచు మీద స్కెచ్ పెన్నుతో గీసి రుద్దితే, సిరా ఎక్కడ చెరిగిందో చూసి మీ వాలు సరైనదో కాదో తెలుసుకోవచ్చు: అంచు దగ్గర సిరా మిగిలితే వెన్ను మరీ కిందికి ఉన్నట్టు, అంచు దగ్గర మాత్రమే చెరిగితే మరీ పైకి లేచినట్టు.

సానరాయి లేనివారు పింగాణీ కప్పును బోర్లించి, అడుగున మెరుపు పూత లేని గరుకు అంచు మీద రుద్దవచ్చు. చిన్న బ్లేడుకు అది చక్కగా పనిచేస్తుంది. వీధిలోకి వచ్చే సాన పట్టేవారికి కొడవలి, కత్తిపీట ఇవ్వండి, చిన్న చాకు మాత్రం ఇవ్వవద్దు. వేగంగా తిరిగే పొడి చక్రం మీద పలుచని అంచు వేడెక్కి, ఉక్కు గట్టిదనం పోతుంది. అంచు నీలం రంగుకు తిరిగితే ఆ భాగం ఇక పదును నిలపదు.

కడగడానికి గోరువెచ్చని సబ్బు నీటిలో ముంచి, అన్ని భాగాలూ నాలుగైదుసార్లు తెరిచి మూసి, గుడ్డతో తుడిచి, తెరిచే ఉంచి ఆరనివ్వండి. చెక్క పిడి ఉన్నదాన్ని మాత్రం నీటిలో ముంచవద్దు. కీళ్ళ దగ్గర ఒక్క చుక్క కుట్టుమిషను నూనె చాలు. కొబ్బరినూనె కీళ్ళలో వేయవద్దు. చలికాలం ఉదయం గడ్డకడుతుంది, మిగతా కాలమంతా దుమ్మును పట్టి ఉంచుతుంది. ఆ చాకుతోనే పండ్లు కోస్తుంటే బ్లేడు మీది నూనెను వాడేముందు తుడిచేయండి.

చిన్న తుప్పు చుక్కలు కనబడితే వంటసోడాను నీటితో ముద్దలా కలిపి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్దండి. అది గీత పడకుండా పోతుంది. స్టీలు పీచు వాడితే తుప్పు పోయినా గీతలు మిగులుతాయి, ఆ గీతల్లోనే మళ్ళీ తుప్పు మొదలవుతుంది.